పంజగుట్ట విగ్రహం చరిత్ర ఎవరు రాయాలి?

(అంబేద్కర్ జయంతి వారోత్సవాల్లో భాగంగా మండల కేంద్రంలో జరిగిన గ్రామ సంఘాల కార్యకర్తల సభలో ఒక ఉపాధ్యాయ మిత్రుడు చేసిన ప్రసంగ పాఠం)



ఇంతసేపు ఈ వేదిక మీద పెద్దలు బాబాసాహెబ్ చదువు గురించి, ఆయన రాసిన రాజ్యాంగం గురించి చెప్పారు. మేం ఆయన విగ్రహం గురించి చెప్పదలుచుకున్నాం. నిలబడి ఉన్న విగ్రహం గురించి కాదు. రాత్రి నిలబడి తెల్లారేసరికి మాయమైన విగ్రహం గురించి.

హైదరాబాదులో పంజగుట్ట చౌరస్తా మీలో చాలామందికి ఎరుకే. నిమ్స్ దవాఖానకు రోగిని తీసుకుని పోయినోళ్లకు ఆ దారి తెలుసు. 2019 ఏప్రిల్ 12 రాత్రి దాటాక అంబేద్కర్‌వాద సంఘాల కార్యకర్తలు ఆ చౌరస్తాలో బాబాసాహెబ్ విగ్రహం నిలబెట్టారు. రెండు రోజుల్లో జయంతి. ఏప్రిల్ 14న అక్కడ దండ వేయాలన్నది వాళ్ల ఆలోచన. 13వ తేదీ పొద్దున్నే నగరపాలక సంస్థ సిబ్బంది వచ్చారు, విగ్రహాన్ని పీకేశారు. అనుమతి లేదు అన్నారు. పీకి ఎక్కడ పెట్టారు? చెత్తబండి ఎక్కించారు. ఆ బండి జవహర్‌నగర్ డంపింగ్ యార్డు దారి పట్టింది. నగరం మొత్తం పారేసిన చెత్త గుట్టలు గుట్టలుగా పడి ఉండే చోటు అది. సంగతి తెలిసిన కార్యకర్తలు ఉరికారు. వాళ్లకు దొరికింది విరిగిన విగ్రహం. మర్నాడు జయంతి. రాష్ట్రమంతా ఊరూరా దండలు వేస్తున్న రోజున, రాజధానిలో ఆయన విగ్రహం చెత్తలో ముక్కలై ఉన్న ఫొటోలు మనం చూడాల్సి వచ్చింది.

ఇంతవరకు ఎవరూ కాదనరు. తగువు ఇక్కడి నుంచి మొదలవుతుంది.

అధికారులు చెప్పిన కథ ఒకటి. అనుమతి లేకుండా, రాత్రిపూట, నడిరోడ్డు మీద పెట్టారు, ఎన్నికల నియమావళి అమల్లో ఉంది, కాబట్టి తీశాం, తరలింపులో జరగరానిది జరిగింది, బాధ్యులైన కింది సిబ్బంది మీద చర్య తీసుకున్నాం. ఇదీ ఆ కథ. మనోళ్లు చెప్పిన కథ ఇంకొకటి. అనుమతి కోసం తిరిగీ తిరిగీ అలిసిపోయాం, అడిగితే ఇవ్వలేదు, పెడితే ఉంచలేదు, తీసిన తీరులోనే అవమానం ఉంది, కావాలనే పగలగొట్టారు. ఇదీ ఈ కథ. ఇక రాజకీయ పార్టీల కథలు వేరే. ఒక పార్టీ ఇంకో పార్టీని తిట్టడానికి ఆ విగ్రహం ముక్కల్ని వాడుకుంది. మేం ఏ పార్టీ తరఫునా మాట్లాడటం లేదు. ఈ కథల్ని ఒక్కొక్కటిగా విప్పి చూద్దాం.

ముందు అనుమతి సంగతి. 2013 జనవరి 18న సుప్రీంకోర్టు ఒక ఉత్తర్వు ఇచ్చింది. రోడ్ల మీద, కాలిబాటల మీద, ప్రజలు వాడుకునే స్థలాల్లో విగ్రహాలు పెట్టడానికి ఏ రాష్ట్ర ప్రభుత్వమూ అనుమతి ఇవ్వకూడదన్నది దాని సారం. ఇది నిజమే. మనం దాచిపెట్టాల్సిన పని లేదు. మన కార్యకర్తలకు ఈ ఉత్తర్వు తెలిసి ఉండాలి. రేపు మీ ఊళ్లో ఎమ్మార్వో అదే చదివి వినిపిస్తాడు. అప్పుడు నోరు వెళ్లబెట్టకూడదు.

అయితే మేం అడిగేది ఇది. అదే చౌరస్తాలో ఒక మాజీ ముఖ్యమంత్రి విగ్రహం ఉంది. ఆ విగ్రహం మీద మాకు కోపం లేదు. ఆయన అభిమానులు పెట్టుకున్నారు, దండలు వేసుకుంటున్నారు, వేసుకోనివ్వండి. 2013 తర్వాత ఈ రెండు తెలుగు రాష్ట్రాల్లో రోడ్ల పక్కన, కూడళ్లలో ఎన్ని విగ్రహాలు లేచాయో మీ కళ్లతో మీరే చూస్తున్నారు. మీ మండలంలోనే లెక్క పెట్టండి. వాటిలో ఎన్నిటికి అనుమతి కాగితం ఉంది? వాటిలో ఎన్నిటిని తెల్లారేసరికి పీకారు? ఉత్తర్వు ఒక్కటే. దాన్ని పట్టుకున్న చెయ్యి మాత్రం ఒక విగ్రహం దగ్గర వణుకుతుంది, ఇంకో విగ్రహం దగ్గర గునపం అందుకుంటుంది. చట్టం అందరికీ సమానం అని మేం బడిలో పిల్లలకు పాఠం చెబుతున్నాం. ఆ పాఠం చౌరస్తా దాకా రాదా?

సరే, తీసే అధికారం ఉందనే అనుకుందాం. తీయడం వేరు, చెత్తబండి ఎక్కించడం వేరు. ఇంట్లో పెద్దాయన ఫొటో గోడ మీద నుంచి తీయాల్సి వస్తే ఏం చేస్తాం? గుడ్డలో చుట్టి అటక మీద పెడతాం. పెంటకుప్ప మీద వేస్తామా? తీసిన విగ్రహానికి ఒక గది లేదా? నగరపాలక సంస్థకు ఒక గోదాము లేదా? ఒక పంచనామా రాసి, పెట్టినోళ్లను పిలిచి, సంతకం తీసుకుని అప్పగించడానికి ఎంతసేపు పడుతుంది? ఏ నిబంధనలోనూ చెత్తబండి ఎక్కించమని లేదు. అది నిబంధనలోంచి రాలేదు, బుర్రలోంచి వచ్చింది. ఊళ్లో చచ్చిన గొడ్డును ఎవరు మోయాలో, ఎక్కడ పారేయాలో నిర్ణయించిన ఆ పాత బుర్రలోంచే వచ్చింది.

ఇక్కడ ఇంకో మాట. చెత్తబండ్ల మీద పనిచేసేది ఎవరు? ఎక్కువమంది మనోళ్లే. మాదిగలు, మాలలు, రెల్లోళ్లు, పొట్ట చేతపట్టుకుని నగరానికి వలసపోయిన పేదోళ్లు. బండి తోలినోడి మీద, యార్డులో ఉన్నోడి మీద చర్య తీసుకుని చేతులు దులుపుకుంటే మనం చప్పట్లు కొట్టాలా? బండి ఎక్కించమని చెప్పిందెవరు? యార్డుకు పొమ్మని చెప్పిందెవరు? ఆ మాట ఏ మెట్టు మీద నుంచి దిగి వచ్చింది? శిక్ష కింది మెట్టు దగ్గర ఆగిపోతే అది శిక్ష కాదు, మనోణ్ణి మనోడి మీదికి ఉసిగొల్పడం. ఉద్యమం ఆ ఉచ్చులో పడకూడదు.

తర్వాత ఏమైంది? అదే ఏడాది జూన్‌లో కాంగ్రెస్ నాయకుడు వి. హనుమంతరావు ఆ చౌరస్తాలో పెడతానని ఒక విగ్రహం తెచ్చారు. పోలీసులు ఆయన్ను ఆపారు, విగ్రహాన్నీ స్వాధీనం చేసుకున్నారు. ఒక విగ్రహం చెత్తలోకి, ఇంకో విగ్రహం పోలీసుల చేతుల్లోకి. అలా నాలుగేళ్లు గడిచాయి. 2023 ఏప్రిల్ 14న అదే పంజగుట్టలో అప్పటి మంత్రి కె.టి. రామారావు అంబేద్కర్ విగ్రహాన్ని ఆవిష్కరించారు. అదే రోజు సచివాలయం పక్కన అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు 125 అడుగుల విగ్రహాన్ని ఆవిష్కరించారు. గద్దెతో కలిపి 175 అడుగులు.

ఈ తేదీలను ఒక వరసలో పెట్టి చూడండి. 125 అడుగుల విగ్రహానికి శంకుస్థాపన చేసింది 2016 ఏప్రిల్ 14న. బాబాసాహెబ్ 125వ జయంతి నాడు. ఆవిష్కరించింది 2023లో. ఈ రెండింటి నడుమ, 2019లో, అదే నగరంలో మనోళ్లు పెట్టుకున్న విగ్రహం డంపింగ్ యార్డుకు పోయింది. సర్కారు పెడితే ఆకాశమంత. మనం పెట్టుకుంటే చెత్తబండి. అంబేద్కర్ మీద వాళ్లకు కోపం లేదు. అంబేద్కర్‌ను మనం మన చేతులతో నిలబెట్టుకోవడం మీదే కోపం.

పెద్ద విగ్రహాలు వద్దని మేం అనడం లేదు. 2024 జనవరి 19న విజయవాడ స్వరాజ్ మైదానంలోనూ 125 అడుగుల విగ్రహం నిలిచింది. ఆ రోజు మనవాళ్ల కళ్లలో నీళ్లు తిరిగిన మాట నిజం. కానీ పెద్ద విగ్రహం నీడలో చిన్న విగ్రహాల చరిత్ర కనపడకుండా పోతోంది. ఇవాళ పంజగుట్టలో బస్సు దిగిన కుర్రాణ్ణి అడగండి, ఈ విగ్రహం ఎప్పటిది అని. 2023లో మంత్రిగారు పెట్టించారు అంటాడు. 2019 సంగతి వాడికి ఎవరు చెబుతారు? విరిగిన ముక్కలు ఎక్కడున్నాయని ఎవరు అడుగుతారు? కొత్త విగ్రహం వచ్చింది కదా, పాత గొడవ ఎందుకు అంటారు. సరిగ్గా అక్కడే రెండోసారి మాయమవుతుంది. మొదటిసారి మాయమైంది సిమెంటు. రెండోసారి మాయమయ్యేది చరిత్ర. సిమెంటు మళ్లీ పోసుకోవచ్చు.

ఈ బొమ్మల గొడవ మనకెందుకు, కూలి రేట్ల గురించి, భూమి గురించి మాట్లాడండి అని కొందరు మిత్రులు అంటారు. మంచోళ్లే, అనుమానంతో అడుగుతారు. వాళ్లకు మా జవాబు ఇది. భూమి, కూలి, విగ్రహం మూడూ ఒకే కొట్లాటలో భాగాలు. ఊరి నడిబొడ్డున మనకు ఒక గజం జాగా ఉందా లేదా అన్నదే విగ్రహం అడిగే ప్రశ్న. ఊళ్లో రచ్చబండ ఎవరిది? గుడి ఎవరిది? చెరువు కట్ట ఎవరిది? మన తాతలు చెప్పులు చేతబట్టుకుని నడిచిన బజారు ఎవరిది? ఆ బజారులో నీలం కోటు వేసుకుని, చేతిలో పుస్తకం పట్టుకుని, వేలు చాచి ఒక మనిషి నిలబడితే, ఆ వేలు ఎటు చూపిస్తుందో ఊరికి తెలుసు. తెలుసు కాబట్టే రాత్రిపూట వచ్చి ఆ వేలే విరగ్గొడతారు.

మహారాష్ట్రలోని కొల్హాపూర్‌లో బాబాసాహెబ్ బతికి ఉండగానే, 1950లో, బిందు చౌక్‌లో ఆయన విగ్రహాన్నీ జోతిరావు ఫూలే విగ్రహాన్నీ నిలబెట్టారు. పార్లమెంటు ఆవరణలో ఆయన నిలువెత్తు విగ్రహం రావడానికి 1967 దాకా పట్టింది. ముందు జనం పెట్టుకున్నారు, తర్వాత సర్కారు పెట్టింది. ఆ వరస గుర్తుంచుకోండి. మన పల్లెల్లో 1990, 91 శతజయంతి రోజుల నుంచి విగ్రహాలు జోరందుకున్నాయి. అవే రోజుల్లో, 1991 ఆగస్టు 6న, చుండూరులో మనవాళ్లను వేటాడి చంపారు. అంటే మనం తలెత్తిన ఏడే తలలు నరికిన ఏడు. విగ్రహం చరిత్ర ఆ నెత్తుటి చరిత్ర పక్కనే నడిచింది.

పార్లమెంటు విగ్రహమైనా కుదురుగా ఉందా? 2024 జూన్‌లో గాంధీ, అంబేద్కర్, శివాజీ విగ్రహాలను వాటి పాత చోట్ల నుంచి తీసి, అదే ఆవరణలో ప్రేరణా స్థల్ అని పేరుపెట్టిన చోటికి మార్చారు. అందరూ ఒకేచోట చూడొచ్చని ప్రభుత్వం అంది. ఎంపీలు నిరసన తెలిపే చోటు లేకుండా చేశారని ప్రతిపక్షాలు అన్నాయి. పార్లమెంటు నడిబొడ్డున నిలిచిన విగ్రహం గురించే రెండు కథలు ఉన్నప్పుడు, మన వాడ విగ్రహం గురించి రెండు కథలు ఉండవా?

కథలు రెండైనప్పుడు ఏ కథ గెలుస్తుంది? కాగితం ఉన్న కథ గెలుస్తుంది. దీనికి ఒక పెద్ద ఉదాహరణ చెబుతాం, మనసు పెట్టి వినండి.

1997 జూలై 11. బొంబాయి ఘట్కోపర్‌లో రమాబాయి నగర్. దళితుల బస్తీ. తెల్లారి లేచి చూస్తే అంబేద్కర్ విగ్రహం మెడలో చెప్పుల దండ. జనం రోడ్డు మీదికి వచ్చారు. పోలీసులు కాల్పులు జరిపారు. పదిమంది చనిపోయారు. పోలీసులు ఏం చెప్పారు? జనం గ్యాసు ట్యాంకరును తగలబెట్టబోయారు, అది పేలితే బస్తీ అంతా బూడిదయ్యేది, అందుకే కాల్చాం అన్నారు. చచ్చినోళ్లమీదే నేరం. బస్తీ జనం ఒప్పుకోలేదు. చూసినోళ్లు సాక్ష్యం చెప్పారు. ట్యాంకర్లు ఎక్కడున్నాయి, కాల్పులు ఎక్కడ జరిగాయి అన్నది నిలదీశారు. విచారణ జరిపిన గుండేవార్ కమిషన్ ఆ కాల్పులకు సమర్థన లేదని తేల్చింది. కాల్పులకు ఆదేశమిచ్చిన పోలీసు అధికారికి 2009లో సెషన్స్ కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. ఆయన తర్వాత బెయిలు మీద బయటికి వచ్చాడు. పూర్తి న్యాయం జరగలేదు. కానీ పోలీసులు చెప్పిన ట్యాంకరు కథ చరిత్రగా నిలబడలేదు. ఎందుకు నిలబడలేదు? బస్తీ నోరు మూసుకోలేదు గనుక. ఆనంద్ పట్వర్ధన్ ఏళ్ల తరబడి తీసి 2011లో విడుదల చేసిన 'జై భీమ్ కామ్రేడ్' సినిమాలో ఆ బస్తీ జనం మాట్లాడటం ఇవాళ్టికీ చూడొచ్చు.

మరి పంజగుట్ట విగ్రహానికి అలాంటి రికార్డు ఎక్కడుంది? దినపత్రికల్లో నాలుగు రోజుల వార్తలు. ఫోన్లలో కొన్ని ఫొటోలు, ఫోను పాడైతే అవీ పోతాయి. ఎవరెవరు చందా ఇచ్చారు? ఎక్కడ పోతపోయించారు? ఎవరు మోసుకొచ్చారు? అనుమతి కోసం ఏ తేదీన ఏ ఆఫీసులో కాగితం ఇచ్చారు? ఆ ముక్కల్ని ఎవరు చూశారు? ఈ మాటలు చెప్పగలిగిన మనుషులు బతికే ఉన్నారు. ఇప్పుడే కూర్చోబెట్టి రాయించుకోకపోతే, ఇంకో ఇరవై ఏళ్లకు అది ఒక పుకారు అవుతుంది. అందుకే నగరంలో ఉన్న మిత్రులకు ఈ సభ నుంచి విజ్ఞప్తి చేస్తున్నాం. రాయండి. ఒకరి మాటకూ ఇంకొకరి మాటకూ పొంతన కుదరకపోతే రెండూ రాయండి. మనకు అనుకూలంగా లేని మాటను కొట్టేయకండి. అబద్ధం మీద నిలబెట్టిన విగ్రహాన్ని ఎవరూ పీకనక్కర్లేదు, అదే పడిపోతుంది.

ఇక మన ఊళ్ల సంగతి. ఇవాళ ఇంటికి పోయాక చేయాల్సిన పనులు చెబుతాం. రాసుకునేవాళ్లు రాసుకోండి.

ఒకటి. ప్రతి వాడలో విగ్రహానికి ఒక నోటుబుక్కు పెట్టండి. ఏ ఏడాది పెట్టారు, స్థలం సర్వే నంబరు ఎంత, అది గ్రామకంఠమా, రోడ్డు స్థలమా, ఎవరైనా రాసిచ్చిన జాగానా, అన్నీ రాయండి. చందా ఇచ్చినవాళ్ల పేర్లు రాయండి. పది రూపాయలు ఇచ్చిన ముసలమ్మ పేరు కూడా రాయండి. ఆవిష్కరించిన ఎమ్మెల్యే పేరు రాతి మీద ఉంటుంది. ఆ ముసలమ్మ పేరు మన పుస్తకంలో తప్ప ఎక్కడా ఉండదు.

రెండు. కొత్తగా పెట్టేటప్పుడు రోడ్డు హద్దు వదిలి, వాడలోని కమ్యూనిటీ హాలు ఆవరణ గానీ, సొంతంగా రాసిచ్చిన జాగా గానీ చూసుకోండి. గ్రామ పంచాయతీ తీర్మానం తీసుకోండి. దరఖాస్తు ఇచ్చిన ప్రతిసారీ రసీదు అడగండి. జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద అడగండి. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఇది భయపడి వెనక్కి తగ్గడం కాదు. చెత్తబండికి సాకు దొరకకుండా చేయడం.

మూడు. విగ్రహాన్ని ఎవరైనా విరగ్గొడితే, అవమానిస్తే, ముందు ఫొటోలు తీయండి, ఎవరినీ ముట్టుకోనివ్వకండి. రాత్రికి రాత్రి రంగు వేసి సర్దేద్దాం, ఊరి పరువు పోతుంది అని పెద్దమనుషులు వస్తారు. ఒప్పుకోవద్దు. ముందు కేసు, తర్వాతే రంగు. 1989 నాటి ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో సవరణ చేశారు. అది 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. ఎస్సీ ఎస్టీలు పవిత్రంగా, గౌరవంగా చూసుకునే వస్తువును ధ్వంసం చేయడం, పాడుచేయడం, అపవిత్రం చేయడం సెక్షన్ 3(1)(టి) కింద నేరం. వస్తువు అంటే విగ్రహం, ఫొటో, చిత్రపటం కూడా అని చట్టంలోనే రాసి ఉంది. ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు. ముందు విచారణ చేస్తాం, తర్వాత ఎఫ్ఐఆర్ రాస్తాం అని ఎస్సై అంటే, 2018లో చేర్చిన 18ఎ సెక్షన్ చూపించండి. ఎఫ్ఐఆర్ కట్టడానికి ప్రాథమిక విచారణ అక్కర్లేదని అందులో ఉంది. ఎఫ్ఐఆర్ నకలు తీసుకోకుండా స్టేషన్ మెట్లు దిగొద్దు.

నాలుగు. ఆవేశంలో మన పిల్లలు కేసుల్లో ఇరుక్కోకుండా చూసుకోండి. విగ్రహం విరగ్గొట్టినోడు దొరకడు. బస్సు అద్దం పగలగొట్టిన మన పిల్లోడు మాత్రం ఆ సాయంత్రానికే దొరుకుతాడు. వాడి చదువు పోతుంది, ఉద్యోగం పోతుంది. మన బడుల్లో చదివి డిగ్రీ దాకా వచ్చిన పిల్లల్ని కోర్టు వరండాల్లో చూడాలని మాకు లేదు.

ఐదు. ప్రతి ఏప్రిల్ 14న దండ వేయకముందు ఆ నోటుబుక్కు తీసి ఒక పిల్లతో గానీ, పిల్లాడితో గానీ బిగ్గరగా చదివించండి. డీజే తర్వాత పెట్టుకోవచ్చు. ముందు మన ఊరి విగ్రహం ఎట్లా వచ్చిందో మన పిల్లల నోటి నుంచి వాడ వినాలి.

బాబాసాహెబ్ తన జీవితమంతా రాశాడు. రాసిందే మిగిలింది. ఆ రాతల మీదే ఇవాళ మనం నిలబడ్డాం. ఆయన చేతిలో పెట్టిన సిమెంటు పుస్తకం తెరుచుకోదు. మన చేతిలో ఉన్న నోటుబుక్కు తెరుచుకుంటుంది. పంజగుట్ట విగ్రహం ముక్కలు దొరికినా దొరక్కపోయినా, దాన్ని ఎవరు నిలబెట్టారో, ఎవరు పీకారో, ఏ బండి ఎక్కించారో మన వాడల్లో రాసి ఉండాలి.

మన విగ్రహాల చరిత్ర మనమే రాద్దాం! జై భీమ్!